పర్లేదన్నా

చలికాలంలో కొండెక్కడం గురించి మనవాళ్ళు రాస్తే మొదటి పేరాలో మంచు మెరుస్తుంది, రెండో పేరాలో గాలి వీస్తుంది, ఆఖరి పేరాకల్లా రచయితకి జీవితం అర్థమైపోతుంది. నేనూ అలాంటివి రెండు రాశాను. దయచేసి వెతక్కండి.

ఇప్పుడు రాస్తున్నది టై గాన్యే పుస్తకాలు రెండిటి గురించి. వాటితో పాటు, ఎవరూ సాహిత్యంలో జమకట్టని ట్రైల్ రిపోర్టు గురించి, 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఒక తెలుగాయన గురించి కూడా. వీటన్నిటినీ కలిపి చదవాల్సిన అవసరం నాకెందుకొచ్చిందో చెప్పాలంటే, ముందు ఒక బుధవారం రాత్రి జరిగిన ఫోన్ కాల్ గురించి చెప్పాలి.

మేం నలుగురం. న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్ సరిహద్దుకి అటూ ఇటూ ఉంటాం. అందర్లోకీ పెద్దవాడు రాజమండ్రి ఆయన, పదిహేను చలికాలాలుగా ఈ కొండలెక్కుతున్నాడు. మాకందరికీ పెద్దన్న. తర్వాత నేను, నా తర్వాత మా బావమరిది. ఆఖర్న, అప్పటికి ఏడాదిన్నర కిందట లోవెల్‌కి ఎమ్మెస్ చెయ్యడానికొచ్చిన ఖమ్మం కుర్రాడు. వాడికి మేమందరం అన్నలమే.

ఆ రాత్రి విషయం ఒకటే. శనివారం ఫ్రాంకోనియా రిడ్జ్‌కి వెళ్దామా, వద్దా? ఫాలింగ్ వాటర్స్ ట్రైల్ మీదుగా ఎక్కి, లిటిల్ హేస్టాక్, లింకన్, లాఫాయెట్ శిఖరాలు దాటి, ఓల్డ్ బ్రైడిల్ పాత్ మీదుగా దిగడం. మొత్తం తొమ్మిది మైళ్ళకి కొంచెం తక్కువ. అందులో దాదాపు మైలున్నర పైగా శిఖరాల మధ్య నడక, చెట్టూ చేమా లేని చోట. దారిలో గుడిసె ఒకటుంది గానీ చలికాలం మూసేస్తారు.

వాతావరణం చూశాం. ఎవరెవరి దగ్గర ఏమున్నాయో లెక్కేశాం. "నీకు ఓకేనా?" అని పెద్దన్న ఒక్కొక్కర్నీ అడిగాడు. కుర్రాడి వంతొచ్చింది. "నాదేముందన్నా, మీరెలా అంటే అలా" అన్నాడు. మాకు ముచ్చటేసింది. ఇప్పుడు ఆలోచిస్తే మా ప్లాన్ సరిగ్గా అక్కడే పాడైంది.

*

ఈ కొండలు చూడని వాళ్ళకి రెండు మాటలు. వైట్ మౌంటెన్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ వాషింగ్టన్ 6,288 అడుగులు. అంటే 1,916 మీటర్లు. ఊటీ ఊరే అంతకంటే ఎత్తులో ఉంది. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని జిందగడ శిఖరానికీ దీనికీ తేడా రెండు మూడొందల మీటర్లే. హిమాలయాలకి వెళ్ళొచ్చిన మిత్రులు ఈ అంకె విని నవ్వుతారు. నవ్వొచ్చు కూడా. కానీ 1934 ఏప్రిల్ 12న ఆ శిఖరం మీదున్న అబ్జర్వేటరీలో కొలిచిన గాలి వేగం గంటకి 231 మైళ్ళు. ఆరు దశాబ్దాల పాటు భూమ్మీద నమోదైన గాలుల్లో అదే రికార్డు. తుఫాను స్థాయి గాలులు అక్కడ ఏడాదిలో వంద రోజులకి పైనే వీస్తాయి. 2014లో హుద్‌హుద్ విశాఖని తాకిన రోజు అక్కడున్న వాళ్ళకి ఆ గాలేమిటో వివరించక్కర్లేదు. దానికి మంచునీ, సున్నాకి బాగా కిందనున్న చలినీ కలుపుకోండి.

పైగా రోడ్డు పక్కనే కారాపుకుని ఎక్కెయ్యొచ్చు. బోస్టన్ నుంచి రెండున్నర గంటల డ్రైవు. పర్మిట్ అక్కర్లేదు, గైడు అక్కర్లేదు. ఎక్కడం ఇంత తేలికవడమే ఇక్కడి ప్రమాదం. ఎవరెస్టు దగ్గర కొండే మనిషిని ముందు భయపెడుతుంది. ఇక్కడ భయపడాలా వద్దా అన్నది బుధవారం రాత్రి మనమే సోఫాలో కూర్చుని తేల్చుకోవాలి.

*

టై గాన్యే మొదటి పుస్తకం 'వేర్ యూవిల్ ఫైండ్ మీ' 2017లో వచ్చింది. 2015 ఫిబ్రవరి 15న కేట్ మాత్రోసోవా అనే 32 ఏళ్ళ మహిళ ప్రెసిడెన్షియల్ రేంజ్‌లో ఒంటరిగా ఎక్కి, తిరిగి రాలేదు. సైబీరియాలో పుట్టి, న్యూయార్క్‌లో ఫైనాన్స్ ఉద్యోగం చేస్తున్న మనిషి. అంతకుముందే వేరే ఖండాల్లో పెద్ద పెద్ద శిఖరాలెక్కింది. జీపీఎస్ ఉంది, శాటిలైట్ ఫోన్ ఉంది, ఆపదలో సిగ్నల్ పంపే బీకన్ ఉంది. మాడిసన్, ఆడమ్స్, జెఫర్సన్, వాషింగ్టన్ ఒకే రోజులో దాటాలన్నది ప్లాన్. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో బీకన్ మోగింది. అది పంపిన స్థానాలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. ఆ రాత్రి వంద మైళ్ళు దాటిన గాలిలో, గడ్డకట్టించే చలిలో, వాలంటీర్లు ఆవిణ్ణి వెతుక్కుంటూ పైకెళ్ళారు. మర్నాడు మాడిసన్, ఆడమ్స్ శిఖరాల నడుమ ఆమె దొరికింది. ప్రాణం లేదు.

ఇలాంటి కథ చెప్పడానికి తేలిక దారులు రెండున్నాయి. ఒకటి, ఆవిణ్ణి వీరనారిని చెయ్యడం. రెండోది, "ఫోర్‌కాస్ట్ చూసి కూడా ఎవరైనా వెళ్తారా?" అని కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం. గాన్యే రెండూ చెయ్యడు. ఆయన వృత్తి రిస్క్ మేనేజ్‌మెంట్. అందుకే ఆ రోజుని గంటలవారీగా విప్పుతాడు. ఏ గంటకి ఆమె ఎక్కడుంది, అదే గంటకి శిఖరమ్మీద గాలెంత, అప్పటికి ఆమెకి తెలిసిందేమిటి, తెలియడానికి వీల్లేనిదేమిటి. ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ఆఖరి విభజన. ప్రమాదం జరిగాక దాని గురించి చదివే పాఠకుడి చేతిలో ముగింపు ముందే ఉంటుంది. అదున్నంతసేపూ తాను తెలివైనవాణ్ణని అనుకుంటాడు. గాన్యే ఆ తెలివిని మెల్లమెల్లగా లాగేసుకుంటాడు. ఉదయం చెట్ల మధ్య గాలి తగలని చోట నడుస్తున్న మనిషికి పైన ఏముందో ఒంటికి తెలియదు. పైకి చేరేసరికి అప్పటికే బోలెడు దూరం, బోలెడు శ్రమ ఖర్చయిపోయి ఉంటాయి. ఆ స్థితిలో నువ్వయితే వెనక్కి తిరిగేవాడివా అని పుస్తకం నేరుగా అడగదు. అయినా అరవయ్యో పేజీ దాటాక నాలో నేను సమాధానం చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఆ సమాధానం నాకు నచ్చలేదు.

లోపాలున్నాయి. కొన్ని చోట్ల ఆఫీసు ట్రైనింగ్‌లో స్లైడ్ చూపిస్తున్నట్టు ఉంటుంది. మనిషి కథ ఊపిరి బిగబట్టి చదువుతుంటే మధ్యలో నిర్ణయాల సిద్ధాంతం వచ్చి కూర్చుంటుంది. వాక్యాలు ఏ హంగూ లేకుండా ఉంటాయి. మొదట విసుగేసింది, తర్వాత ఒప్పుకున్నాను. ఆమె మనసులో ఏముందో తనకి తెలిసినట్టు రాయకుండా ఉండాలంటే వాక్యం అంత పొడిగానే ఉండాలి. కవిత్వం జొరబడిందంటే చనిపోయిన మనిషి చేత మనకి కావాల్సిన మాటలు పలికించేస్తాం.

*

ఇక ట్రైల్ రిపోర్టు. కొండ దిగొచ్చినవాళ్ళు రేపెక్కబోయే వాళ్ళ కోసం రాసే నాలుగు ముక్కలు. ఏ దారి, ఏ తేదీ, మంచెంత, వాగులు దాటడానికి వీలుగా ఉన్నాయా, కాళ్ళకి ఏం కట్టుకోవాలి. ఈ ఆఖరిది ముఖ్యం. మెత్తటి కొత్త మంచయితే స్నోషూలు. లేకపోతే అడుగేసిన చోటల్లా మోకాలి దాకా దిగబడతాం, వెనకొచ్చే వాళ్ళకి ఆ గుంటలు గడ్డకట్టి చీలమండలు విరగ్గొట్టే ఉచ్చులవుతాయి. పదిమంది నడిచి గట్టిపడిన దారయితే మైక్రోస్పైక్స్ చాలు. ఏటవాలు మీద నీళ్ళు పారి గడ్డకట్టి ఉంటే క్రాంపాన్లు. ఈ మూడింటిలో ఏది అన్నది ఎక్కువగా ఎత్తుని బట్టి ఉండదు. గడిచిన వారం రోజుల్లో ఏం కురిసింది, ఎప్పుడు కరిగింది, ఎప్పుడు మళ్ళీ బిగిసింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మంగళవారం వాన పడి బుధవారం చలి తిరగబడితే, ఆదివారం నాటి రిపోర్టు చెప్పిన దారి ఇక లేనట్టే.

అంటే ట్రైల్ రిపోర్టుకి ఆయుష్షు చాలా తక్కువ. ఇంకే రచనకీ లేనంత తక్కువ. రాసినవాడు అబద్ధమాడకపోయినా రెండ్రోజుల్లో అది అబద్ధమవుతుంది. అందుకని మంచి రిపోర్టు తన గడువు తేదీ తనలోనే రాసుకుంటుంది. ఎన్ని గంటలకి చూశాను, అప్పుడు చలెంత, ఎక్కడిదాకా వెళ్ళాను, ఎక్కణ్ణుంచి చూడలేదు. చూసినదానికీ ఊహించినదానికీ మధ్య గీత గీస్తుంది. శిఖరమ్మీది అబ్జర్వేటరీ వాళ్ళు ప్రతి తెల్లవారుజామునా ఇచ్చే ఎత్తు శిఖరాల ఫోర్‌కాస్ట్ ఇందులో నాకు ఆదర్శం. ఒక్క విశేషణం వృథాగా ఉండదు. గాలి ఏ దిక్కు నుంచి, ఏ వేగంతో, ఏ గంటకి పెరుగుతుంది, మేఘంలో ఉంటుందా బయట ఉంటుందా. 30 మైళ్ళ గాలి 60 అయితే ఒంటి మీద పడే ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలు. అది తెలిసినవాడికి ఆ చిన్న అంకె మారడంలోనే కథంతా ఉంటుంది.

ఈ లెక్కన చూస్తే తెలుగులో అచ్చమైన ట్రైల్ రిపోర్టు రాసినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఈయన 1830 మే 18న దాదాపు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. ఆ ప్రయాణం 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయింది. మన వాళ్ళు దాన్ని సమాజ చరిత్రగా చదువుతారు, తొలి యాత్రాచరిత్రగా పొగుడుతారు. నేను కాలేజీలో చదివినప్పుడు మాత్రం విసుగేసి పేజీలు తిప్పేశాను. ఊరు తర్వాత ఊరు, ఆమడల లెక్క, దారి రాతిదా ఇసకదా, నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా. ఏమిటీ చిట్టా అనుకున్నాను. మొన్న చలికాలం మళ్ళీ తెరిచాను. అప్పుడు కనిపించింది. ఆయన తన అనుభూతి కోసం రాయడం లేదు. తన వెనక అదే దారిలో రాబోయే మనిషిని కళ్ళ ముందు పెట్టుకుని రాస్తున్నాడు. ఆ మనిషి రాత్రికి నీళ్ళు లేని చోట చిక్కుకోకూడదు, అంతే. వందమంది తిండీ నడకా తన మీద పడ్డవాడికి అందమైన వాక్యం మీద ధ్యాస ఉండదు. అయినా రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ వాక్యాన్ని మనం నమ్ముతున్నాం.

ఆయన్ని ఎందుకు మళ్ళీ తెరిచానంటే, అప్పటికి నా సొంత రిపోర్టు ఒకటి ఒకరి చెయ్యి విరగ్గొట్టింది.

*

ఆ శనివారం మేం వెళ్ళాం. పొద్దున్న ఏడుకల్లా నడక మొదలైంది. మైనస్ పన్నెండు డిగ్రీలు. అడవిలో గాలి లేదు. దారి గట్టిగా, సిమెంటు చేసినట్టుంది. నీళ్ళ సీసాలు తలకిందులుగా పెట్టుకున్నాం, ఐసు కట్టినా మూత దగ్గర కాకుండా అడుగున కడుతుందని. ఒకప్పుడు ఈ కొండ మీదికి పులిహోర తెచ్చి, డబ్బాలో అది రాయైపోతే చెంచాతో పొడుచుకున్న వాళ్ళం. ఇప్పుడు తెలివొచ్చి సున్నుండలు లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా పెట్టుకుంటున్నాం. వాగులు దాటాం. జలపాతాలు నీలంగా గడ్డకట్టి ఉన్నాయి. అంతా హాయిగా ఉంది.

చెట్లు పొట్టిగా అయ్యే చోట, లిటిల్ హేస్టాక్ కింద, ఆఖరి ఏటవాలు. శుక్రవారం మధ్యాహ్నం కాస్త ఎండ కాసినట్టుంది, పైపొర కరిగి గాజులా బిగుసుకుంది. బావమరిది ఆగి బ్యాగులోంచి క్రాంపాన్లు తీసి కట్టుకున్నాడు. మిగతా ముగ్గురం మైక్రోస్పైక్స్‌తోనే, చెట్ల కొమ్మలు పట్టుకుని ఎక్కాం. అప్పుడు మొదలైంది గాలి. నలభై మైళ్ళు ఉంటుంది. ఆ చలికి ఆ గాలి కలిస్తే ఒంటికి మైనస్ 26 కింద లెక్క. అందరం ఆగి పై కోట్లు వేసుకుంటున్నాం. పెద్దన్న అడిగాడు, "ఏరా, ఎలా ఉంది?"

"పర్లేదన్నా."

పెద్దన్న తలూపి ముందుకి తిరిగాడు. నేను కుర్రాడి వెనకున్నాను. వాడు కోటు జిప్పు లాగడానికి ప్రయత్నిస్తున్నాడు. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి నోటితో పట్టుకున్నాడు. "చెయ్యి చూపించు" అన్నాను. "ఏం లేదన్నా, పర్లేదు." గ్లవ్ లాగితే నాలుగు వేళ్ళ కొసలూ మైనంలా తెల్లగా ఉన్నాయి. కింద వాగు దాటేప్పుడు గ్లవ్ తడిసిందట. రెండు గంటల కిందట. వేళ్ళు తెలియడం మానేసి అరగంట అయిందట.

"ముందే చెప్పొచ్చు కదరా?"

"నా ఒక్కడి కోసం అందరూ వెనక్కెందుకన్నా."

పెద్దన్న మాట్లాడకుండా తన కోటూ చొక్కా పైకి లాగి, ఆ రెండు చేతులూ తన పొట్ట మీద పెట్టుకుని, చెట్ల వెనక పావుగంట కూర్చున్నాడు. రంగు తిరిగొచ్చింది. నొప్పికి కుర్రాడి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, అది మంచి లక్షణం. దిగిపోయాం. వేళ్ళు దక్కాయి.

ఆ రాత్రి నేను రిపోర్టు రాశాను. చెట్లున్నంత వరకూ దారి గట్టిగా ఉందనీ, మైక్రోస్పైక్స్ చాలనీ, పైన గాలి వల్ల వెనక్కొచ్చామనీ. గడ్డకట్టిన జలపాతాల మీద మూడు వాక్యాలు ఎక్కువే రాశాను. బావమరిది క్రాంపాన్లు కట్టుకున్న సంగతి మొదట రాసి, తీసేశాను. ఎందుకు తీశానంటే, "చాలు" అన్న మాట తర్వాత "కానీ" అని రాస్తే వాక్యం కుంటుతోందనిపించింది. కుర్రాడి వేళ్ళ గురించి అసలు రాయలేదు. వాడి పరువు కోసం అనుకున్నాను. నిజానికి మా పరువు కోసం.

మంగళవారం వాన పడింది. గురువారం బిగిసింది. తర్వాతి శనివారం మాకు తెలిసిన ఒక జంట అదే దారిలో వెళ్ళారు, మైక్రోస్పైక్స్‌తో. అదే ఏటవాలు మీద ఆమె జారింది. మణికట్టు విరిగింది. విరిగిన చేత్తో మూడు మైళ్ళు దిగింది. నెల తర్వాత ఒకరింట్లో భోజనాలప్పుడు కలిసింది, చేతికి ఇంకా కట్టుంది. "మీరు రాసింది చదివే వెళ్ళామండీ" అంది. నిష్ఠూరంగా కాదు, మాట కలపడానికి. అన్నం ప్లేటు చేతిలో పట్టుకుని నేనేం చెప్పాలో తెలియక "ఇప్పుడెలా ఉందండీ?" అని అడిగాను.

"పర్లేదండీ" అంది.

*

గాన్యే రెండో పుస్తకం 'ద లాస్ట్ ట్రావర్స్' (2020) నేను అప్పుడు చదివాను. అది సరిగ్గా మేం వెళ్ళిన కొండే. 2008 ఫిబ్రవరిలో ఇద్దరు స్నేహితులు ఫ్రాంకోనియా రిడ్జ్ ఎక్కారు, తుఫాను మీద పడింది. ఒకరు చనిపోయారు, ఒకరు చావు అంచు దాకా వెళ్ళి బతికారు. మొదటి పుస్తకం ఒంటరి మనిషిది, ఇది ఇద్దరిది. రచయితగా గాన్యే ఇందులో ఎదిగాడు. బతికినవాడి మాటలు, వెతికినవాళ్ళ మాటలు, ఆ తర్వాతి ఏళ్ళు, అన్నీ ఉన్నాయి. స్లైడ్లు తగ్గాయి. రెండిట్లో ఒకటే చదవగలిగితే ఇది చదవండి.

మొదటి పుస్తకం పూర్తిచేసినప్పుడు చాలామందికి కలిగే ఆలోచన నాకూ కలిగింది. పక్కన ఒక్క మనిషి ఉంటే ఆవిడ బతికేదేమో. రెండో పుస్తకం ఆ ఓదార్పుని మిగల్చదు. తోడుంటే చాలదు. హిమపాతం ప్రమాదాల మీద ఇయన్ మెక్‌కామన్ చేసిన అధ్యయనం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. 1972 నుంచి 2003 దాకా అమెరికాలో జరిగిన 715 ప్రమాదాలని ఆయన పరిశీలించాడు. తెలియక వెళ్ళినవాళ్ళు కొందరే, ప్రమాద సూచనలు కళ్ళెదుట కనిపిస్తున్నా ముందుకెళ్ళినవాళ్ళు చాలామంది. ఎందుకు వెళ్ళారన్నదానికి ఆయన పేర్కొన్న మానసిక ఉచ్చుల్లో సగం తోటివాళ్ళతో ముడిపడినవే. నలుగురి మెప్పు కోసం, గుంపులో అనుభవజ్ఞుడున్నాడన్న ధీమాతో, వేరేవాళ్ళు వెళ్తున్నారు కదా అని. ఎవరెస్టు మీద 1996 మే 10 గురించి జాన్ క్రాకవర్ రాసిన 'ఇన్‌టు థిన్ ఎయిర్' మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో నాకు అన్నిటికన్నా భయమేసేది తుఫాను కాదు. వెనక్కి తిరగాల్సిన వేళ మధ్యాహ్నం ఒంటిగంటా రెండా అన్నది అసలు ఎవరూ గట్టిగా ఖరారు చెయ్యలేదన్న చిన్న విషయం. అంత డబ్బు, అంత అనుభవం, అంతమంది మనుషులు. ఆ ఒక్క వాక్యం మాత్రం ఎవరూ పూర్తి చెయ్యలేదు.

ఇక్కడే ఈ పుస్తకాలతో నాకు పేచీ ఉంది. ఇవన్నీ గుంపులో మాట్లాడుకోండి అని చెప్తాయి. సందేహం వస్తే పైకి చెప్పండి, ఎవరు వద్దన్నా అందరూ తిరిగిరండి అని. న్యూ హాంప్‌షైర్‌లో చాలా ట్రైల్స్ మొదట్లో కనిపించే హైకర్ నియమావళి కూడా ఆరు ముక్కల్లో దాదాపు ఇదే చెప్తుంది. కలిసి ఉండండి, వెనక్కి తిరగడానికి సిద్ధంగా ఉండండి అని. మంచి మాటలే. కానీ ఇవి మాట్లాడే మనుషులందరూ ఒకే ఎత్తులో నిలబడి ఉన్నారనుకుంటాయి. ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకునే భాషలో అది కొంతవరకు నిజమేమో. మా గుంపులో ప్రతి వాక్యం చివరా ఒక వరస ఉంది. "పర్లేదన్నా" అన్న మాటలో "పర్లేదు" ఎంతుందో "అన్నా" అంతకంటే ఎక్కువుంది. చల్లబడ్డ వేళ్ళ గురించి ఆ మాట ఏమీ చెప్పదు. నీ ప్రయాణం నా వల్ల పాడవకూడదు, నన్ను ఇంకోసారి పిలవాలి, నేను మీలో ఒకణ్ణి అని చెప్తుంది. పెద్దన్న "ఏరా, ఎలా ఉంది?" అన్నప్పుడు ప్రేమగానే అడిగాడు. ఆ ప్రేమకి "బాలేదు" అని బదులివ్వడానికి మన పెంపకంలో చోటు లేదు. ఇంటికొచ్చిన చుట్టం మొదటిసారి అడగ్గానే కాఫీ కావాలంటుందా?

గాన్యే దగ్గర ఈ చెవి లేదు. ఆయన తప్పు కాదు, ఆయన మనుషులు వేరు. కానీ మనం ఆ పుస్తకాలు చదివి, అవి చెప్పినవి చెప్పినట్టే పాటిస్తే సరిపోదు. మన గుంపులో మౌనం వేరే రకంగా పనిచేస్తుంది. ఇది కొండలకే కాదని మీకూ తెలుసు. ఆఫీసు మీటింగుల్లో, ఇళ్ళల్లో, ఆస్పత్రి మంచాల పక్కన ఈ "పర్లేదు" మనం రోజూ వింటాం. అక్కడ గాలి లేదు గనక ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చేస్తాం. చెట్ల గీత దాటాక అంత వ్యవధి ఉండదు.

సమీక్షకుడిగా నా తీర్పు ఇదీ. రెండు పుస్తకాలూ చదవాలి. మొదటిది మనలోని తీర్పరి నోరు మూయిస్తుంది. రెండోది తోడు మీద మనకున్న గుడ్డినమ్మకాన్ని పోగొడుతుంది. ఆ తర్వాత వీరాస్వామయ్య దగ్గరికి వెళ్ళి, వెనకొచ్చేవాడి కోసం ఎలా రాయాలో నేర్చుకోవాలి. ఈ దారి మీద మన వేళ్ళు ఎక్కడ కొంకర్లు పోయాయో, మనవాళ్ళు ఆ సంగతి ఎంతసేపు దాచారో చెప్పే పుస్తకం మాత్రం ఇంకా ఎవరూ రాయలేదు.

*

నా పాత రిపోర్టు కింద ఒక సవరణ రాశాను. క్రాంపాన్ల సంగతి, ఏ గంటకి చూశానో, శుక్రవారం ఎండ సంగతి. కుర్రాడిని అడిగి, పేరు లేకుండా, వేళ్ళ సంగతి కూడా. అప్పటికి దాని ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది. ఇంక ఎవరికీ పనికిరాదు. అయినా రాశాను.

బుధవారం కాల్ ఇప్పుడూ ఉంది. రెండు మార్పులు చేసుకున్నాం. మొదటిది, అందరికన్నా చిన్నవాడు ముందు మాట్లాడాలి, పెద్దన్న ఆఖర్న. అప్పుడు "మీరెలా అంటే అలా" అనడానికి కుదరదు, ఎవరూ ఇంకా ఏమీ అనలేదు గనక. రెండోది, కొండ మీద "ఎలా ఉంది?" అని అడగడం మానేశాం. "వేళ్ళు చూపించు" అంటాం. "ఎప్పుడు నీళ్ళు తాగావు?" అంటాం. ఈ ప్రశ్నలకి పర్లేదు అన్నది జవాబు కాదు.

మొన్న బుధవారం లాఫాయెట్ గురించే మళ్ళీ మాట్లాడుకున్నాం. శనివారం మధ్యాహ్నం నుంచి పడమటి గాలి పెరుగుతుందని ఉంది. ముందు కుర్రాడి వంతు. ఫోన్లో కాసేపు ఏమీ వినపడలేదు. పెద్దన్న నోరు తెరవబోయి ఆగిన చప్పుడు నాకు తెలిసింది.

"నాకు వద్దనిపిస్తోందన్నా" అన్నాడు.

వెళ్ళలేదు. శనివారం ఎండ బాగా కాసింది. గాలి పెద్దగా రాలేదని తర్వాత తెలిసింది. దాని గురించి ఎవరం వాణ్ణి ఒక్క మాట అనలేదు. మా ఇంట్లో పులిహోర తిన్నాం, వేడివేడిగా.